మన స్కూబా గేర్ బోట్ వాళ్ళే బిగించేస్తుంటే ఊరుకోవచ్చా?

లోతు తక్కువ:
అందరికీ హాయ్. ఒక డౌట్, కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి. నేను ఓపెన్ వాటర్ (స్కూబా మొదటి లెవెల్ కోర్సు) ఈమధ్యే పూర్తి చేశా. కోర్సులో మా ఇన్‌స్ట్రక్టర్ ట్యాంకుకి బీసీడీ (గాలి నింపుకుని తేలే జాకెట్) తగిలించడం, రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది) బిగించడం, ఇన్‌ఫ్లేటర్ హోస్ (బీసీడీలోకి గాలి పంపే గొట్టం) పెట్టడం, మళ్ళీ అన్నీ విప్పడం మళ్ళీ బిగించడం, విసుగొచ్చేదాకా చేయించాడు. మంచిదే. కానీ ఇప్పుడు సరదాగా బోట్ డైవ్‌లకి వెళ్తుంటే ఎక్కడ చూసినా వేరే కథ. మనం బోట్ ఎక్కేసరికే సెట్లన్నీ వరసగా బిగించి పెట్టేసి ఉంటాయి, మనం వెట్‌సూట్ వేసుకుని కూర్చుంటే వాళ్ళే వెనకనుంచి భుజాలకి తొడిగి, బకిల్స్ పెట్టి, ఫిన్స్ కూడా వేసి దూకమంటారు. పాత డైవర్లు కూడా హాయిగా చేయించుకుంటున్నారు. నేను ఒకసారి మొత్తం విప్పి నేనే బిగించుకుంటా అంటే క్రూలో ఒకాయన మొహం అదోలా పెట్టాడు, పక్కనున్న నా బడ్డీ (జంటగా దిగేవాడు) ఏమో "వాళ్ళు రోజూ చేసే పని కదరా, నీకన్నా బాగా చేస్తారు, ఊరుకో" అన్నాడు.

ఇంతకీ నా ప్రశ్న, వేరేవాళ్ళు సెట్ చేసిన గేర్‌తో దిగడం నిజంగా అంత ప్రమాదమా, లేక నేను కొత్త పిచ్చితో అతి చేస్తున్నానా? చెక్ చేసుకుంటే చాలంటే ఏం చెక్ చేయాలి? ప్రెషర్ గేజ్ చూస్తే 200 బార్ (అంటే నిండు ట్యాంక్) ఉంది, రెండుసార్లు ఊపిరి పీలిస్తే గాలి వస్తోంది, అంతకంటే ఏం చూడాలో నాకైతే అర్థం కావట్లేదు.

ఓరింగ్ ఓబులేసు:
తమ్ముడూ అతి ఏం కాదు. కానీ నువ్వు రాసిన ఆ చివరి లైన్ దగ్గరే ఉంది అసలు సమస్య, కాబట్టి ముందు అదే మాట్లాడదాం.

గేజ్‌లో 200 చూపిస్తే ట్యాంక్ తెరిచి ఉందని కాదు. చాలా చోట్ల క్రూ ఏం చేస్తారంటే పొద్దున్నే అన్నీ బిగించి, ఒకసారి తెరిచి ప్రెషర్ చూసి, ఏదన్నా లీక్ ఉంటే గాలి పోతుందని మళ్ళీ వాల్వ్ మూసేస్తారు. హోసుల్లో ఉన్న గాలి అలాగే ఉంటుంది కాబట్టి ముల్లు 200 దగ్గరే కూర్చుంటుంది. నువ్వు ముల్లు చూశావ్, ఓకే అనుకున్నావ్, దూకావ్. ఆ హోసుల్లో ఉన్నదెంత, కొన్ని ఊపిర్లు అంతే. తర్వాత పీలిస్తే ఏమీ రాదు. బీసీడీలో ముందే గాలి కొట్టుకుని దూకితే పైన తేలుతూ తిట్టుకుంటావ్, ఖాళీ బీసీడీతో దూకితే మాత్రం బరువులు కిందకి లాగుతుంటాయి, ఇన్‌ఫ్లేటర్ నొక్కినా రాదు ఎందుకంటే అదీ అదే ట్యాంకు మీదే పని చేస్తుంది కదా.

ఇంకోటి దీనికన్నా దొంగది. వాల్వ్ కొంచెమే తెరిచి ఉండటం. పాత పద్ధతిలో పూర్తిగా తెరిచి పావు తిప్పు వెనక్కి తిప్పమని నేర్పేవారు. ఇప్పుడు చాలామంది పూర్తిగా తెరిచి అలాగే వదిలేయమనే చెప్తున్నారు, కారణం ఏంటంటే వెనకనుంచి చెయ్యి పెట్టి తిప్పేవాడు దిక్కు తికమక పడి, తెరవబోయి పూర్తిగా మూసి, అప్పుడు పావు తిప్పు "వెనక్కి" తిప్పుతాడు. అంటే నీ వాల్వ్ ఇప్పుడు పావు తిప్పు మాత్రమే తెరిచి ఉంది. బోట్ మీద పీలిస్తే బ్రహ్మాండంగా వస్తుంది, అనుమానమే రాదు. కానీ 30 మీటర్ల దగ్గర చుట్టూ ప్రెషర్ 4 బార్, ఒక్కో ఊపిరికి పైనకన్నా నాలుగింతల గాలి ఆ సందులోంచే దూరాలి. దానికి తోడు డైవ్ సాగేకొద్దీ ట్యాంక్ ప్రెషర్ కూడా తగ్గుతుంటుంది. అప్పుడు గాలి బిగుసుకున్నట్టు అవుతుంది, పీల్చినప్పుడు రాదు, ఆగితే వస్తుంది. ఆ లోతులో అలా అయితే మెదడు ఎలా పనిచేస్తుందో చెప్పక్కర్లేదు.

దీనికి మందు చాలా చిన్నది. గేజ్ కళ్ళ ముందు పెట్టుకుని, రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని గట్టిగా నాలుగైదు సార్లు పీల్చు. ముల్లు రాయిలా కదలకుండా ఉంటే వాల్వ్ తెరిచే ఉంది. పీల్చినప్పుడల్లా ముల్లు కిందకి జారి మళ్ళీ లేస్తుంటే వాల్వ్ కొంచెమే తెరిచారు. జారి జారి సున్నాకి పోతుంటే మూసే ఉంది. రెండు ఊపిర్లు చాలవు, ముల్లు చూడకుండా పీలిస్తే అసలు లెక్కే కాదు.

నా మటుకు నేను మోయడం, ట్యాంక్ మార్చడం క్రూ చేస్తే వద్దనను, నడుం కూడా నాదే కదా. కానీ నేను ఆఖరి చెక్ చేశాక నా వాల్వ్ మీద చెయ్యి పడితే ఒప్పుకోను. దూకే ముందు వెనకనుంచి "ఒకసారి చూస్తా సార్" అని తిప్పే మహానుభావులు ఉంటారు చూడు, వాళ్ళతోనే భయం. వాళ్ళు తిప్పారంటే మళ్ళీ ముల్లు చూస్తూ పీల్చాల్సిందే, బోట్ మొత్తం ఎదురు చూసినా సరే.

బుడగల బాబ్జీ:
ఓబులేసు గారు చెప్పింది కరెక్టే గానీ ఈ టాపిక్ వచ్చినప్పుడల్లా మనోళ్ళు క్రూని విలన్లని చేసేస్తారండీ, అది నాకు నచ్చదు. ఊగే బోట్ మీద, ఆర్నెల్లకోసారి డైవ్ చేసే మనలాంటోడు ట్యాంక్ నిలబెట్టి బిగించుకుంటుంటే అది పడి పక్కోడి కాలు పచ్చడైపోద్ది. మామూలు అల్యూమినియం 80 ట్యాంక్ ఉత్తదే 14 కిలోల పైన ఉంటది. రోజూ డజన్ల సెట్లు కట్టేవాడి చెయ్యి నా చెయ్యికన్నా నమ్మకం. రెగ్యులేటర్ తలకిందులుగా బిగించి హోస్‌లన్నీ ఎడమ భుజం మీదుగా వచ్చేలా పెట్టుకున్న సర్టిఫైడ్ డైవర్లని ఎంతమందిని చూశానో.

పైగా లెక్కలు కూడా చూడండి. డాన్ (డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే డైవింగ్ భద్రతా సంస్థ) వాళ్ళు 1992 నుంచి 2003 దాకా జరిగిన 947 డైవింగ్ మరణాలు తీసుకుని విశ్లేషించారు, మొదట ఏది తేడా కొట్టిందో తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి చాలకపోవడం, 20 శాతం ఎక్కడో చిక్కుకుపోవడం, ఎక్విప్‌మెంట్ సమస్య 15 శాతం. ఆ గాలి చాలకపోవడంలో ఎక్కువ భాగం ఎవడో వాల్వ్ మూసేస్తే జరిగిందని నేననుకోను, గేజ్ చూసుకోకుండా తిరగడమే. అంటే మనల్ని చంపేది ఎక్కువగా మనమే. ఎవడు బిగించాడనే దాని మీద ఇంత రచ్చ అవసరం లేదు, బడ్డీ చెక్ సరిగ్గా చేసుకుంటే చాలు అని నా ఫీలింగ్.

సుడిగుండం సుజాత:
బాబ్జీ గారూ, బడ్డీ చెక్ చేసుకుంటే చాలు అన్నారు చూడండి, అక్కడే నేను ఒప్పుకోలేను. ఎందుకంటే కొన్ని చెక్‌లు బిగించేటప్పుడు మాత్రమే చేయగలం, బిగించి గాలి తెరిచేశాక చేయడానికి వీలుండదు.

ఒక ఉదాహరణ చెప్తా. రెగ్యులేటర్ ట్యాంక్‌కి తగిలించాక, వాల్వ్ ఇంకా తెరవకముందు, సెకండ్ స్టేజ్ (రెగ్యులేటర్‌లో నోటి దగ్గరి భాగం) నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చాలి. ఏమీ రాకూడదు, నోరు లాక్ అయినట్టు ఉండాలి. గాలి వస్తోందంటే మౌత్‌పీస్ చిరిగిందో, లోపల డయాఫ్రమ్‌కి చిల్లు పడిందో, ఎగ్జాస్ట్ వాల్వ్ మడత పడిందో, ఏదో ఉంది, నీళ్ళలోకి వెళ్తే ఆ దారినే నీళ్ళు నోట్లోకి వస్తాయి. వాల్వ్ తెరిచాక ఎంత పీల్చినా ఇది బయటపడదు, ట్యాంక్ గాలి వచ్చేస్తుంటుంది కాబట్టి అంతా బానే ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్నే బిగించి ప్రెషర్ పెట్టి ఉంచిన సెట్ మీద ఇది చేయాలంటే వాల్వ్ మూసి, పర్జ్ (సెకండ్ స్టేజ్ మీద గాలి వదిలే బటన్) నొక్కి గాలంతా వదిలి, అప్పుడు పీల్చాలి. ఎంతమంది చేస్తారు? స్పేర్ సెకండ్ స్టేజ్ అయిన ఆక్టోపస్‌కి కూడా చేయాలి, దాన్నైతే పీల్చి చూసేవాళ్ళే తక్కువ, అవసరమైన రోజున నోట్లో పెట్టుకునేది బడ్డీ కాబట్టి మనకేం పట్టదు.

ట్యాంక్ పట్టీ కూడా అంతే. నైలాన్ పట్టీ పొడిగా ఉన్నప్పుడు బిగిస్తే నీళ్ళలో సాగుతుంది, అందుకే ముందు తడిపి బిగించాలి. పొద్దున్నే గబగబా ఇరవై సెట్లు కట్టేటప్పుడు ప్రతి పట్టీ తడిపారో లేదో మీకెలా తెలుస్తుంది? బీసీడీ హ్యాండిల్ పట్టుకుని పైకి లేపి ఒక్క కుదుపు కుదిపితే తెలుస్తుంది, ట్యాంక్ జారితే మళ్ళీ బిగించాలి. లేకపోతే డైవ్ మధ్యలో ట్యాంక్ కిందకి జారిపోయి రెగ్యులేటర్ నోట్లోంచి లాగేస్తుంటుంది, బడ్డీ వెనక వేలాడుతూ దాన్ని సరిచేయడం, చూడటానికి కామెడీగా ఉంటుంది గానీ జరిగేవాడికి కాదు.

ఇంకో మాట. బిగించడం మానేస్తే చెక్ చేయడం కూడా మర్చిపోతారండీ. ఐఎస్ఓ 24801-2 అని ఓపెన్ వాటర్ లెవెల్‌కి ఒక స్టాండర్డ్ ఉంది, దానిలో ఈ లెవెల్ డైవర్ని "అటానమస్ డైవర్" అంటారు, అంటే లీడర్ లేకుండా బడ్డీతో కలిసి సొంతంగా దిగగలిగినవాడు. మరి ఏడాది పొడుగునా ఎవరో కట్టిందే వేసుకున్నవాడు బడ్డీ చెక్ చేస్తుంటే ఎలా ఉంటుందో మీరూ చూసే ఉంటారు, బీసీడీ మీద రెండు తట్లు, బకిల్ మీద ఒక తట్టు, థమ్స్ అప్ బదులు ఓకే సైన్, అయిపోయింది. ఏ హోస్ ఎక్కడ ఉండాలో చేతికి తెలియకపోతే తేడా కంటికి కనపడదు.

2012లో వెయ్యి మందికి పైగా డైవర్లతో ఒక ట్రయల్ చేశారు. కొందరికి డైవ్ ముందు రాసిన చెక్‌లిస్ట్ ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా చూస్తే, లిస్ట్ వాడినవాళ్ళలో పొరపాట్లు, ఇబ్బందులు మూడో వంతుకి పైగా తగ్గాయి. అందరూ సర్టిఫైడే, అందరికీ చెక్ చేయడం వచ్చు, అయినా అంత తేడా. కాబట్టి "నాకు గుర్తుంటుందిలే" అనేది నేను నమ్మను, నా విషయంలో కూడా.

డెక్ మీద మనిషి:
అన్నా, అక్కా, నేను ఆ మీరు చెప్పే క్రూలోనే పనిచేస్తా, డైవ్‌మాస్టర్ని. జర మా దిక్కు నుంచి కూడా వినండి.

మేం ఎందుకు ముందే కడతమంటే, అందరికీ తలా ఒక మాట చెప్పుకుంట కట్టించాలంటే ఫస్ట్ డైవ్‌కే మధ్యాహ్నం అయితది, కరెంట్ మారిపోతది. రెండోది, బాబ్జీ అన్న చెప్పినట్టు ఊగే డెక్ మీద నిలబెట్టిన ట్యాంకులు మస్తు డేంజర్. మూడోది చెప్పాలంటే చెప్పాలె, చాలామంది గెస్టులు అదే కావాలంటరు. కూర్చొని ఫొటోలు దిగుతరు.

గానీ సొంత గేర్ తెచ్చుకున్నోళ్ళది మేం అడగకుండ ముట్టం, అడగకుండ ముట్టే బోట్ ఉంటె అది వాళ్ళ తప్పే. సొంత రెగ్యులేటర్ కట్టేటప్పుడు కూడ ఒక చిన్న విషయం ఉంది, డస్ట్ క్యాప్ తడిగ ఉంటె ట్యాంక్ గాలితోని ఊది ఆరబెడతరు, అప్పుడు ఫస్ట్ స్టేజ్ (ట్యాంక్‌కి బిగించే భాగం, ఆ క్యాప్ దీని మూతే) నోరు తెరిచి పక్కనే పెట్టుకుంటె ఆ నీళ్ళు పోయి దాంట్లకే పోతయి. నేను క్యాప్‌ని తువ్వాలతోని తుడుస్త. మీ రెగ్యులేటర్ వేరేటోళ్ళు విప్పుతుంటె ఈ ఒక్కటి చూడండి.

తమ్ముడికి ఎవరో మొహం అదోలా పెట్టిండన్నడు కద. కట్టిందంతా విప్పుతుంటె కొంచెం అనిపిస్తది, నిజమే, మనసుల మాట చెప్తున్న. అందుకే బోట్ ఎక్కక ముందే, పేర్లు రాసేటప్పుడే "నా సెట్ నేనే కట్టుకుంట, ట్యాంక్ మాత్రం చూపించండి" అని చెప్తె ఏ గొడవా ఉండది, మాకు ఒక పని తగ్గుతది, ఎవ్వరూ ఏమనుకోరు. దూకే టైంల చెప్తెనే చిక్కు.

వాల్వ్ గురించి ఓబులేసన్న రాసింది చదివి మా బోట్ మీద ఏం చేస్తమో చెప్తున్న. వాల్వ్ పూర్తిగ తెరిచైనా ఉండాలె, పూర్తిగ మూసైనా ఉండాలె, మధ్యల అనేదే లేదు. మూస్తె పర్జ్ నొక్కి గాలి వదిలేస్తం, అప్పుడు ముల్లు సున్నా మీద ఉంటది, ఎవరికీ మోసం కాదు. దూకే ముందు వాల్వ్ ముట్టాల్సి వస్తె డైవర్‌ని గేజ్ చూస్కుంట పీల్చమని, ముల్లు కదిలితెనే ముడతం. ఈ పద్ధతి లేని బోట్లు ఉన్నయి, కాదనను.

మెల్లగా పైకి:
"ఎవరి గేర్ వాళ్ళే కట్టుకోవాలి" అని మరీ గట్టిగా అనేవాళ్ళకి ఒక మాట. నాకు కుడి చేతి వేళ్ళలో పట్టు లేదు. రెగ్యులేటర్‌ని ట్యాంక్‌కి బిగించే యోక్ స్క్రూ తిప్పలేను, పట్టీ బిగించలేను, వాల్వ్ నాబ్ కూడా నా వల్ల కాదు. మరి నేను డైవర్ని కాదా?

నేను చేసేదేంటంటే నేను చెప్తుంటా, బడ్డీ చేస్తుంటాడు. ఓ-రింగ్ (వాల్వ్ దగ్గర గాలి లీక్ కాకుండా ఆపే రబ్బరు రింగు) నాకు చూపించు, చిట్లిందా లేదా. రెగ్యులేటర్ పెట్టు, హోస్‌లు కుడి పక్కకి. ఆగు, ఇంకా తెరవకు, నేను పీల్చి చూడాలి. ఇప్పుడు తెరువు, గేజ్ అద్దం మన వైపు కాకుండా అటు తిప్పి. ఇలా ఒక్కో స్టెప్ నోటితో చెప్పి చేయిస్తా. సుజాత గారు చెప్పిన పీల్చే చెక్ కూడా దీనిలో వచ్చేస్తుంది. వింతేంటంటే మా ఇద్దరిలో తన సెట్ గబగబా కట్టుకునే బడ్డీ కన్నా నా సెట్టే జాగ్రత్తగా తయారవుతుంది, బయటికి చెప్పాలి కాబట్టి ఒక్క స్టెప్ కూడా ఎగిరిపోదు. వేళ్ళు బాగున్నవాళ్ళు కూడా క్రూతో ఇలా చేయించుకోవచ్చు, తప్పేం లేదు.

లోతు తక్కువ:
అందరికీ థాంక్స్, ముల్లు చూస్తూ పీల్చడం అనేది నాకు ఎవరూ ఇంత వివరంగా చెప్పలేదు, కోర్సులో చెప్పారేమో గానీ ఎందుకో చెప్పలేదు. ఒక్క డౌట్ మిగిలింది. మొదటి డైవ్ ముందు అన్నీ చెక్ చేసుకున్నాననుకోండి, మధ్యలో టీ తాగుతుంటే క్రూ వాళ్ళు ట్యాంకులు మార్చేస్తారు కదా, రెండో డైవ్‌కి మళ్ళీ మొదటినుంచీ చేయాలా? నైట్రాక్స్ (ఆక్సిజన్ శాతం పెంచిన గాలి) కోర్సు కూడా చేద్దామనుకుంటున్నా, దానికి ఏమైనా వేరేగా ఉంటుందా?

ఓరింగ్ ఓబులేసు:
మొదటినుంచీ చేయాలి తమ్ముడూ, నన్నడిగితే రెండో డైవ్‌కే ఇంకా జాగ్రత్తగా చేయాలి. మొదటిదానికి అందరికీ కొంచెం భయం ఉంటుంది, రెండోదానికి కడుపు నిండి, ఎండకి కళ్ళు మూతలు పడుతుంటాయి. క్రూ కూడా అప్పుడే హడావుడిలో ఉంటారు, ఖాళీ ట్యాంకులూ నిండు ట్యాంకులూ పక్కపక్కనే ఉంటాయి. వాడేసిన ట్యాంక్ మీదే మళ్ళీ రెగ్యులేటర్ పడటం నేను కళ్ళారా చూశా, ముల్లు 60 దగ్గర ఉంది, అదృష్టం ఏంటంటే ఆవిడ చూసుకుంది. ఇన్‌ఫ్లేటర్ హోస్ మధ్యలో పీకి మళ్ళీ పెట్టి ఉంటారు, టక్ మని పడిందో లేదో ఒకసారి లాగి చూడు, నొక్కి చూడు. వెయిట్ పాకెట్లు మరీ ముఖ్యం, అద్దె బీసీడీలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి నీ పాకెట్లు పక్కోడికి, వాడివి నీకు వెళ్ళిపోతాయి, నీకు రెండు కిలోలు తగ్గితే డైవ్ చివర్లో పైకి వచ్చేముందు కాసేపు ఆగే 5 మీటర్ల స్టాప్ దగ్గర నిలబడలేక బుంగలా పైకి తేలిపోతావ్. నీ పాకెట్‌కి ఏదన్నా రంగు టేప్ చుట్టుకో.

నైట్రాక్స్ సంగతి సుజాత గారు చెప్తే బాగుంటుంది, ఆవిడకే బాగా తెలుసు.

సుడిగుండం సుజాత:
నైట్రాక్స్‌లో ఈ చర్చే లేదు, ట్యాంకులో ఉన్న ఆక్సిజన్ శాతం మీరే ఎనలైజర్‌తో చూడాలి, లేదా వేరేవాళ్ళు మీ కళ్ళ ముందు చూస్తే మీరు రీడింగ్ చదవాలి, ట్యాంక్ మీద శాతం, లోతు పరిమితి రాసి సంతకం పెట్టాలి. ఎవరో రాసిన స్టిక్కర్ నమ్మి దిగకూడదు. ఆక్సిజన్ పాక్షిక ప్రెషర్ 1.4 బార్ పరిమితితో 32 శాతానికి సుమారు 33 మీటర్లు, 36 శాతానికి 28 మీటర్లు, తేడా చిన్నది కాదు. ఆక్సిజన్ టాక్సిసిటీ ముందు చెప్పి రాదు, నీళ్ళలో ఫిట్స్ వస్తే రెగ్యులేటర్ నోట్లోంచి పడిపోతుంది, ఆ తర్వాత జరిగేది మునిగిపోవడమే.

ఓబులేసు గారు ట్యాంక్ మార్పిడి గురించి చెప్పారు కదా, నైట్రాక్స్‌లో అది ఇంకో రకంగా దెబ్బ కొడుతుంది. మొదటి డైవ్‌కి 32, రెండోదానికి క్రూ మామూలు గాలి ట్యాంక్ పెట్టారు, మీ కంప్యూటర్ మాత్రం ఇంకా 32 మీదే ఉంది. అది మీరు తక్కువ నైట్రోజన్ పీలుస్తున్నారనుకుని టైం ఎక్కువ ఇచ్చేస్తుంది. పాడీ (డైవింగ్ శిక్షణ సంస్థ) టేబుల్లో 18 మీటర్లకి మొదటి డైవ్ మామూలు గాలితో అయితే 56 నిమిషాలు, 32తో 95 నిమిషాలు, దాన్ని బట్టి ఊహించుకోండి ఎంత తేడా వస్తుందో. కొన్ని కంప్యూటర్లు డైవ్ అయ్యాక వాటంతటవే గాలికి మారిపోతాయి, కొన్ని మారవు, మీది ఏ రకమో మాన్యువల్ చూసుకోండి. ట్యాంక్ మారిన ప్రతిసారీ ఎనలైజ్ చేసి, కంప్యూటర్‌లో సెట్ చేసి, అప్పుడు టీ తాగండి.

బుడగల బాబ్జీ:
సరే, ఆ గాలి తెరవకముందు పీల్చే చెక్ నేనెప్పుడూ బోట్ మీద చేయలేదు, ఒప్పుకుంటున్నా, ఈసారి నుంచి వాల్వ్ మూసి గాలి వదిలి చేస్తా. కానీ ట్యాంక్ మోయడం మాత్రం క్రూకే, దాని మీద చర్చ లేదండోయ్.

డెక్ మీద మనిషి:
మోస్తం అన్నా, దానికేం. మళ్ళ బోట్ ఎక్కేటప్పుడు మాత్రం మీ వెయిట్ పాకెట్లు మీరే తీసి ఇవ్వండి, నీళ్ళల్ల నుంచి మొత్తం సెట్ అట్లనే పైకి గుంజుతుంటె మా నడుములు పోతున్నయి.